నాయన చూసిన విమానాలు

బేతంచెర్లలో ఎండ కూడా తెల్లగానే ఉంటుంది. గనుల్లోంచి తీసిన నాపరాళ్ళు, వాటిని కోసి నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలు, రోడ్డుకు అటూ ఇటూ ముక్కల గుట్టలు. వేపాకుల మీదా రాతిపొడే! అప్పట్లో కర్నూలు జిల్లాలో, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న ఈ ఊళ్ళో ఆయన ముప్పై ఏళ్ళు బండలు కోశాడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన 'ఇమానం'.

ఆ పేరు ఊరికే రాలేదు. మిషన్ల హోరులో పక్కవాడి కేక వినపడకపోయినా, పైన విమానం పోతే మాత్రం ఆయన చెవిన పడేది. చేతిలో పని ఆపి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూసేవాడు. "బెంగుళూరోళ్ళు ఢిల్లీకి పోతాండారు, పోయిరాండప్పా!" అని చెయ్యి ఊపేవాడు. ఆ ఒక్క నిమిషం పోగా మిగిలిన రోజంతా ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు కాబట్టి మేస్త్రీ కూడా ఏమీ అనేవాడు కాదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జుట్టు, కనుబొమలు, మీసాలు అన్నీ తెల్లగా ఉండేవి. పిల్లలు "నాయన ముసలోడైపోయినాడే!" అని అరిస్తే, నడుము వంచి, గొంతు వణికిస్తూ ఒక కట్టె పట్టుకుని వాకిలంతా తిరిగేవాడు. రెండు చెంబుల నీళ్ళు పోసుకుని మళ్ళీ పడుచువాడైపోయేవాడు. ఇద్దరు పిల్లలూ రోజూ ఆ ఆట కోసమే ఎదురుచూసేవాళ్ళు.

చదువు ఐదో తరగతితో ఆగినా, విమానాల గురించి పేపర్లో ఏం వచ్చినా కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచేవాడు. విమానం వెనక తెల్లటి గీత పొగ కాదనీ, ఇంజన్లోంచి వచ్చే తేమ పది కిలోమీటర్ల ఎత్తున చలికి మంచు రవ్వలుగా గడ్డకట్టడమనీ అలాగే తెలుసుకున్నాడు. పైన గాలి పొడిగా ఉంటే గీత వెంటనే చెరిగిపోతుంది. తేమగా ఉంటే నిలబడి, దూదిలా విచ్చుకుంటుంది. ఇక చూడండి, ఊరికి ఆయనే వాతావరణ శాఖ! "ఈ పొద్దు గీత నిలబన్నాది, పైన తడి ఉండాది" అనేవాడు. పైన తడి ఉన్నంత మాత్రాన కింద వాన పడాలని లేదు కదా! అందుకే చెప్పినన్నిసార్లూ వాన రాలేదు. అయినా సీమలో వాన గురించి ఆశగా మాట్లాడే మనిషిని ఎవరు కాదంటారు? 2003లో ప్రభుత్వం మేఘమథనం మొదలుపెట్టి, చిన్న విమానాలతో మబ్బుల్లో రసాయనాలు చల్లిస్తుంటే ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. "నేను చెప్పలే? ఇమానానికీ వానకూ సుట్టరికం ఉండాదని!"

2015 జూన్ 7న కడప విమానాశ్రయం మొదలైంది. పది రోజులు తిరక్కుండానే బస్సెక్కి నంద్యాల, మైదుకూరు మీదుగా కడప పోయి, ప్రహరీ బయట నిలబడి విమానం దిగడం చూసి వచ్చాడు. దానికి రెక్కల మీద పంఖాలున్నాయని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. "అదీ మన మిషను మాదిరి గిర్రున తిరిగేదే. కాకుంటే అది ఎగురుతాది, మనది అరుస్తాది!"

అప్పటికే దగ్గు మొదలైంది. 2018లో, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు నాయనను హైదరాబాదు నుంచి విమానంలో తీసుకుపోవాలని టికెట్టు కొన్నాడు. ముందుగా డాక్టరుకు చూపిస్తే, ఆయన ఊపిరితిత్తుల ఫొటో చూసి వద్దన్నాడు. విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతే ఉంటుందట. అంటే మన తిరుమల కంటే రెండింతలకు పైగా ఎత్తు. ముప్పై ఏళ్ళ రాతిపొడి నిండిన ఊపిరి దానికి తట్టుకోలేదన్నాడు. పిల్లల్ని చదివించిన పనే ఆయన్ను విమానం ఎక్కనివ్వలేదు. కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తండ్రే నవ్వాడు. "ఎక్కినోళ్ళకు ఇమానం యాడ కనపడతాది రా? కింద ఉండేటోళ్ళకే కదా!"

మరుసటి ఏడాది ఆయన పోయాడు. ఇంకో రెండేళ్ళకు, 2021 మార్చి 28న, ఊరికి గంట దూరంలోని ఓర్వకల్లు నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. నాయన కోరిక తీరకుండానే పోయాడని కొడుకు బాధ. ఆయన అంత సంతోషంగా ఎవరు బతికారని కూతురి వాదన. పండగకు కలిసినప్పుడల్లా ఇదే మాట.

ఆ ఏడాది చివర్లో తల్లిని కొడుకు ఓర్వకల్లులో బెంగళూరు విమానం ఎక్కించాడు. కిటికీ పక్కనే కూర్చుంది. దిగాక ఎలా ఉందని కూతురు ఫోన్లో అడిగింది.

"మన ఊరు యాడుందో కానరాలే. అంతా తెల్లగ, రాతిపొడి మాదిరే ఉండె" అంది. కాసేపాగి, "మీ నాయన ఉండింటే కిందనుంచి చెయ్యి ఊపుతాండె. ఎందుకైనా మంచిదని నేనే ఊపినా" అంది.