పోటీ ఒక్కటే సరిపోతుందా?

ఇంటర్నెట్ కంపెనీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎందుకు, పోటీ ఉంటే చాలదా అనేవాళ్లకు 2016 గుర్తుచేయాలనిపిస్తుంది. ఆ సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు ఒక్కసారిగా దిగొచ్చాయి. నిజమే, అది పోటీ పుణ్యమే. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అడ్డుపడకపోతే, 'ఫ్రీ బేసిక్స్' పేరుతో ఒక ఇంటర్నెట్ కంపెనీ ఎంచి ఇచ్చిన కాసిని సైట్లే పేదవాడికి ఇంటర్నెట్ అయ్యేవి. అలాంటిదాన్ని పోటీ ఆపదు.

ఆ పోటీ అయినా ఎన్నాళ్లుంది? ఎయిర్‌సెల్ మూతపడింది. టెలినార్ వెళ్లిపోయింది. ఐడియా, వొడాఫోన్ ఒకటయ్యాయి. 2024 జూలైలో మిగిలిన మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకటి రెండు రోజుల తేడాతో రేట్లు పెంచేశాయి. అప్పుడు చాలామంది బీఎస్ఎన్ఎల్‌కు మారారు. ప్రభుత్వ సంస్థ ఒకటి ఇంకా బతికి ఉండబట్టే ఆ దారైనా దొరికింది.