పటంలో పరాయి కోట

నందిగామలో మా అక్కవాళ్ళ కొత్త ఫ్లాట్లో, సోఫా వెనక గోడకి ఒక పెద్ద ఫొటో ఉంది. నల్ల ఫ్రేము, చుట్టూ తెల్ల అంచు, పైన అద్దం. లోపల సాయంత్రపు ఎండలో శంఖువు టోపీలు పెట్టుకున్న బురుజులు. ఫ్రాన్స్‌లోని కార్కసొన్ కోట. ఆన్‌లైన్లో కొన్నారు. "ఎవరిదిరా ఈ కోట?" అంది అమ్మ. అమ్మ లెక్కలో పటం కట్టించేది దేవుళ్ళకీ, పోయినవాళ్ళకీ. కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఎవరిదో చెప్పడం అంత తేలిక కాదు. ఆ టోపీలు మధ్యయుగానివి కావు. 1850 నాటికి కోట శిథిలమై, కూల్చివేత దాకా వచ్చింది. స్థానిక చరిత్రకారుడు క్రో-మేరవియె, రచయిత మెరిమే లాంటివాళ్ళు అడ్డుపడ్డారు. 1851లో పాత కట్టడాల ఫొటోలు తియ్యడానికి ప్రభుత్వం ఐదుగురిని పంపింది. వాళ్ళలో గుస్తావ్ ల గ్రే, మెస్త్రాల్ ఇక్కడికొచ్చారు. ఏం మిగిలింది, ఏది బాగుచెయ్యాలి అని తేల్చుకోడానికి తీసిన ఫొటోలవి. గోడకి అందంగా ఉంటాయని కాదు. 1853 నుంచి వియొలె-ల-దుక్ కోటని బాగుచేయించాడు. ఆ ప్రాంతానికి నప్పని పలకరాతి కప్పులు పెట్టాడని ఇప్పటికీ విమర్శిస్తారు. 1997లో యునెస్కో గుర్తింపొచ్చింది. అక్క కొన్న ప్రింటులో ఈ తగువు ఏదీ కనపడదు. అంతా ఎప్పట్నుంచో అలాగే ఉన్నట్టుంటుంది.

నందిగామ నుంచి విజయవాడ బస్సెక్కితే ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి. రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు చేతులు మార్చుకున్న కోట. ఆ ఊరి బొమ్మలు మన షోకేసుల్లోకి వచ్చాయి, కోట రాలేదు. మా జగ్గయ్యపేట సంగతీ అంతే. 1882లో బర్జెస్ తవ్వించిన స్తూపం నుంచి దొరికిన చక్రవర్తి శిల్పఫలకం మద్రాసు మ్యూజియంలో ఉంది. భారతీయ కళాచరిత్ర పుస్తకాల్లో దాని ఫొటో వేస్తారు. మా ఊళ్ళో ఏ ఇంటి గోడ మీదా నేను చూడలేదు.

కొండపల్లికీ శంఖువు టోపీలు పెట్టమని నేననను. నాకు కావలసింది ల గ్రే తీసినలాంటి ఫొటో: మబ్బుపట్టిన మధ్యాహ్నం, పిచ్చిమొక్కలు, ఊడిన సున్నం, పడిపోయిన చోట పడిపోయినట్టే. మరమ్మతు జరిగిన ప్రతిసారీ ఏది పాతదో, ఏది మన చేతిపనో చెప్పడానికి అలాంటిదొకటి ఉండాలి. పటం కట్టిస్తే దానికి కట్టించాలి.