ఇల్లు కొన్నారు సరే... రెండో ఏడాది మాటేమిటి?

డాలస్‌ నుంచి టోల్‌వే మీద ఉత్తరంగా వెళ్తే వస్తుంది ఫ్రిస్కో. 2000లో 33 వేల చిల్లర జనం ఉన్న ఈ టెక్సస్‌ ఊరు, 2020 జనగణన నాటికి 2 లక్షలు దాటింది. అక్కడి కార్యసిద్ధి హనుమాన్‌ గుడికి వెళ్తే చెవిన పడేవి తెలుగు మాటలే. కబుర్లూ మనవే... పిల్లల చదువు, వీసా, ఆపైన ఇల్లు!

మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇల్లు అక్కడికి దగ్గరే. ఇటుక గోడలు, ముందు పచ్చిక, వెనక చెక్క కంచె. గుంటూరు నుంచి వచ్చిన పెద్దమ్మ లోపలి గోడను వేలితో తట్టి, 'డొల్లగా మోగుతోందేంట్రా?' అంది. ఆ ఇళ్లకు ఆధారం చెక్క చట్రమే. బయటి ఇటుక పైతొడుగు మాత్రమే.

సాయంత్రం అన్నయ్య ఇంటి చుట్టూ పరిచిన గొట్టానికి నీళ్లు వదిలాడు. మొక్కలకు కాదు, పునాదికి! అది మన నల్లరేగడి లాంటి నేల. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. తేమ సమంగా లేకపోతే పునాది కదులుతుంది. 'ఇంటికి నీళ్లు పోసి పెంచుతున్నావన్నమాట' అని పెద్దమ్మ నవ్వింది.

నీళ్ల ఖర్చు సరే, అన్నయ్యను కుదిపేసింది ఇంటిపన్ను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మరి బళ్లూ రోడ్లూ నడవాలిగా! ఆ భారంలో పెద్ద వాటా ఇంటిపన్నుదే. డాలస్‌ శివార్లలో ఊరిని బట్టి అది ఏటా ఇంటి విలువలో ఒకటిన్నర నుంచి రెండున్నర శాతం దాకా ఉంటుంది.

5 లక్షల డాలర్ల ఇల్లు, 2 శాతం పన్ను అనుకోండి. ఏడాదికి 10,000 డాలర్లు. కానీ జనవరి 1న అక్కడ ఏముందో దాని మీదే ఆ ఏటి పన్ను. ఆ రోజుకి లక్ష డాలర్ల ఖాళీ స్థలమే ఉంటే 2,000 కడితే చాలు. బ్యాంకు ఆ లెక్కనే నెలకు 167 డాలర్లు వాయిదాతో కలిపి వసూలు చేసిందనుకుందాం. మరుసటి ఏడాది ఇంటి మొత్తానికీ బిల్లొస్తుంది. 8,000 లోటు! దాన్ని పూడ్చడానికీ, కొత్త పన్నుకూ కలిపి నెల వాయిదా ఒక్కసారే 1,333 డాలర్లు పెరుగుతుంది.

అన్నయ్యకు ఆ ఉత్తరం వచ్చిన నెలలోనే వదిన ఉద్యోగం పోయింది. ఇద్దరి జీతాల మీద వేసుకున్న లెక్క తలకిందులైంది. పెద్దమ్మ అమెరికా ప్రయాణం రెండేళ్లు వెనక్కి పోయింది. 'సెలవు దొరకలేదమ్మా' అని అప్పట్లో ఫోన్లో చెప్పాడట. అసలు కారణం ఆమెకు మొన్న మా ముందే చెప్పాడు.

ఇప్పుడు ఇల్లు కొనాలనుకునే స్నేహితులకు అన్నయ్య తన డైరీ చూపిస్తుంటాడు. అందులో మొదట రాసింది ఇంటి ధర కాదు, ఒక్క జీతం. దాంతో వాయిదా కట్టలేని ఇల్లు వద్దంటాడు. ముందుగా 20 శాతం కట్టలేకపోతే సాధారణంగా అప్పుకి విడిగా బీమా పడుతుంది. రిజిస్ట్రేషన్‌ వగైరా ఖర్చులకు అప్పులో 2 నుంచి 5 శాతం ఉంచుకోవాలి. నమూనా ఇంట్లో మురిపించే హంగులు చాలావరకు అదనం. కాలనీ సంఘం రుసుము సరేసరి. వడగళ్లకు పైకప్పు పాడైతే, బీమా ఉన్నా ఇంటి బీమా మొత్తంలో ఒకటి రెండు శాతం మనమే భరించాల్సి రావచ్చు. సొంతింట్లో ఉండేవారికి పన్ను మినహాయింపు ఉంది. బడి పన్ను విషయంలో దాన్ని 2025లో 1,40,000 డాలర్లకు పెంచారు. అయితే దరఖాస్తు చేస్తేనే వస్తుంది.

ఆఖరి గీత ఎర్ర సిరాతో ఉంది... 'ఆరు నెలల ఖర్చు చేతిలో'. హెచ్‌1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే. ఇల్లు అంత త్వరగా అమ్ముడుపోతుందన్న భరోసా లేదు.

అంతా విన్న పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, గొట్టం దగ్గర కుళాయి తనే తిప్పింది. 'ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, ఏటేటా చూడాలని చెప్పలేదురా' అంది.