నాలుగు దెబ్బల తాళం

మనవాళ్ళు రైలుకు పెట్టిన పేర్లన్నీ కంటితో చూసి పెట్టినవే. పొగబండి అన్నారు. కాస్త పాండిత్యం ఒలకబోసినవారు ధూమశకటం అన్నారు. చెవితో విని పేరు పెట్టినవాళ్ళు పిల్లలొక్కరే. వాళ్ళ ‘చుక్ చుక్ బండి’లో ఉన్న నిజం ధూమశకటంలో లేదు. పొగ ఇటుకబట్టీకీ ఉంటుంది, మా పక్కింటివారి నీళ్ళ పొయ్యికీ ఉండేది. ఆ చప్పుడు మాత్రం ఆవిరి ఇంజనుకు తప్ప మరి దేనికీ లేదు.

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నదాన్ని గనుక, ఒక మాట రెండుసార్లు పలికితే రెండోదాన్ని ఆమ్రేడితం అంటారని ఏటా చెబుతూనే ఉంటాను. కాని ఇంజను పలికేది రెండుసార్లు కాదట, నాలుగుసార్లట. ఈ వ్యాకరణం నాకు చెప్పినవారు మా పెదనాన్నగారు. 1960లలో ఇంజన్లు తుడిచే పనిలో చేరి, బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, ఆ పైన డ్రైవరయి, చివరి ఏళ్ళు డీజిలు నడిపి రిటైరయ్యారు. డీజిలు సంగతి అడిగితే, “అది ఉద్యోగమమ్మా” అని ఊరుకుంటారు.

సిలిండరులోకి వచ్చిన ఆవిరి ముషలకాన్ని ఒకసారి ముందుకు తోస్తుంది, ఒకసారి వెనక్కి తోస్తుంది. తోయడం అయిపోయిన ప్రతిసారీ వాడేసిన ఆవిరి చిమ్నీలోంచి ఒక్క ఊపున బయటికి తన్నుకుపోతుంది. అదే మనం వినే చుక్కు. ఇంజనుకు ఇరుపక్కలా రెండు సిలిండర్లు. అంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు దెబ్బలు. జంషెడ్‌పూరులో టెల్కోవారు చేసిన వై.పి. ఇంజను పెద్ద చక్రం ఎత్తు నాలుగున్నర అడుగులు. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. గంటకు 10 కిలోమీటర్ల నడకలో సెకనుకు రెండున్నర దెబ్బలు పడతాయి, చక్కగా లెక్కపెట్టుకోవచ్చు. 40 కిలోమీటర్లు అందుకునేసరికి పది దెబ్బలు. ఇక లెక్క ఉండదు, ఒకటే బుసబుస. నాలుగూ సమానంగా పడితే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా పడితే వాల్వులు సరిగా అమర్చలేదన్నమాట. “కుంటుతోంది” అనేవారట షెడ్డులో.

మా ఇల్లు కాచిగూడలో. 1916లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించిన గుమ్మటాల స్టేషను మాకు ఊళ్ళో గుడిలాంటిది. నిజాం రైల్వేకు అదే ప్రధాన కార్యాలయంగా ఉండేది. నేను చదువు చెప్పే కాలేజీ ఉన్న నాంపల్లిది పెద్ద పట్టాల స్టేషను. మాది చిన్న పట్టాలది, అంటే మీటరుగేజి. నా చిన్నతనంలో, 1980లలో, రాత్రి నిద్రపట్టకపోతే మా అమ్మ కథ చెప్పేది కాదు. “బండి ఎక్కడిదాకా వచ్చిందో విను” అనేది. మలక్‌పేట వైపునుంచి వస్తుంటే ఎలా ఉంటుందో, ఆగబోయేముందు ఎలా ఉంటుందో నాకు కళ్ళు మూసుకునే తెలిసేది. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయిందని, నేను వింటున్నది ముసలివాళ్ళ గొంతులని అప్పుడు నాకేం తెలుసు? 1990లలో పట్టాలు మార్చడం మొదలయింది. మీటరుగేజి పోయింది, దానితోపాటు ఆ చప్పుడూ పోయింది. స్టేషనులో రైల్వే మ్యూజియం ఉంది, చూడదగ్గదే. అయితే మ్యూజియంలో వస్తువులు మాట్లాడవు గదా.

ఈ చప్పుళ్ళను పట్టి దాచుకున్నవారు ఇతర దేశాలలో చాలామంది. పారిస్‌లో పియెర్ షెఫెర్ అనే ఆయన 1948లో బాతిన్యోల్ స్టేషనుకు పోయి ఇంజన్ల మోతలు రికార్డు చేసి, వాటితోనే ఒక సంగీతరచన చేశాడు. ఇంగ్లండులో పీటర్ హ్యాండ్‌ఫర్డ్ అనే సినిమా శబ్దగ్రాహకుడు ఆవిరి రైళ్ళ వెంట తిరిగి గ్రామఫోను రికార్డులే వేయించాడు. తరవాత ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ చిత్రానికి ఆస్కారు అందుకున్నవారిలో ఆయనా ఒకడు. ఇలాంటివి చదివాక నాకూ పురుగు తొలిచింది. దానికి తోడు మరో తొందర కూడా వచ్చింది.

పెదనాన్నగారికి ఎనభై దాటాయి. నలభై ఏళ్ళు ఆ మోతల మధ్య బతికిన చెవులు ఊరుకుంటాయా? కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి సన్నని చప్పుళ్ళు ముందు పోయాయి, లావువి ఇంకా మిగిలాయి. వినికిడి యంత్రం పెడితే గిన్నెల చప్పుడు తప్ప మరేం వినపడటంలేదని దాన్ని బీరువాలో దాచారు. డాక్టరు పరీక్షచేసి, ఉన్నది కూడా ఎన్నాళ్ళో ఉండదని నాతో విడిగా చెప్పారు. ఆయన చెవి ఉండగానే ఆయనకు ఇంజను వినిపించాలని నా ఆరాటం.

కాచిగూడలో లేని మీటరుగేజి ఆవిరి బండి నీలగిరిలో ఉంది. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వేసవి సెలవుల్లో బయలుదేరాను. అబిడ్సు జగదీశ్ మార్కెట్టులో ఫోనుకు తగిలించే చిన్న మైకు, గాలి మోత పడకుండా దానికొక బొచ్చు తొడుగు కొన్నాను. “ఊటీ వెళ్ళినవాళ్ళు టీపొడి తెస్తారు, నువ్వు మోత తెస్తావా?” అన్నారు మావారు. అన్నారే కాని, టిక్కెట్లకోసం తెల్లవారుజామున లేచి కూర్చున్నది ఆయనే.

ఆ బండికి ఇంజను ముందుండదు, వెనకనుంచి తోస్తుంది. అందుకని చివరి పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని మైకు బయటికి పెట్టాను. ఎదురు సీటులోని పాపాయి, అది నేను ఎత్తుకొచ్చిన పిల్లిపిల్ల అనుకుని కల్లారు దాకా దానికి బిస్కట్టు పెట్టబోతూనే ఉంది. రికార్డులో “మ్యావ్, మ్యావ్” అని పిలుపులున్నాయి. తీసేయబుద్ధి కాలేదు.

కల్లారు దాటాక ఘాటు. పన్నెండున్నర అడుగులు పోతే ఒక అడుగు ఎక్కే వాలు. పట్టాల నడుమ పళ్ళకమ్మీ ఉంటుంది. ఇంజను కింది పళ్ళచక్రాలు దాన్ని పట్టుకుని పాకుతాయి. అప్పుడు చప్పుడు మారిపోతుంది. అక్కడి ఇంజనుకు నాలుగు సిలిండర్లు. కింది జత మామూలు చక్రాలను తిప్పితే, పై జత పళ్ళచక్రాలను తిప్పుతుంది. రెండు జతలకూ నడక వేరు. సొరంగంలోకి పోయినప్పుడు ఆ మోత గోడలకు కొట్టుకుని మామీదే పడింది. పెట్టెలో పిల్లలంతా కేకలు. హిల్‌గ్రోవ్‌లో నీళ్ళకోసం ఆగినప్పుడు మాత్రం అడవిలో పక్షులు, ఇంజను నిట్టూర్పులు తప్ప మరేం లేవు. రికార్డులన్నిటిలోకి నాకిష్టమైనది అదే, నాలుగు నిమిషాలు.

ఇంటికి వచ్చి పెద్ద స్పీకరు పెట్టి పెదనాన్నగారికి వినిపించాను. కాసేపు ఎడమచెవి దగ్గరగా పెట్టి విన్నారు. తరవాత చెవి తీసి అరచేయి స్పీకరు మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. నాకు గొంతు పట్టుకుంది. ఆయనకు మాత్రం అలాంటిదేం లేదు.

“ఇది మన బండి కాదమ్మాయ్. ఇద్దరు కూర్చుని చెరొక మద్దెలా వాయిస్తున్నారు.”

పళ్ళకమ్మీ సంగతి అప్పటికి నేనాయనకు చెప్పలేదు.

మరికొంత విన్నాక, “పార ఏదీ?” అన్నారు.

“పారేమిటి పెదనాన్నా?”

“ఇంత ఎత్తు ఎక్కుతుంటే ఫైర్‌మన్‌కు నడుం ఎత్తే తీరిక ఉండదే. పార బొగ్గులో దిగే చప్పుడు, తలుపు టంగుమనే చప్పుడు ఉండాలి. నాకు వినపడటంలేదా, అసలు లేవా?”

అసలు లేవు. ఆనాడు మమ్మల్ని తోసింది నూనెతో మండే ఇంజను. అందులో పారకు పనిలేదు. ఆ మాట చెబితే పెదనాన్నగారి మొహం చూడాలి. తన చెవి మోసం చెయ్యలేదన్న సంతోషం!

“మరి మన బండి ఎలా ఉండేది?” అన్నాను, ఫోను మీట నొక్కి ఆయన ముందు పెట్టి.

బల్లమీద అరచేతులతో మొదలుపెట్టారు. ముందు నోటితో ఉస్సు, ఉస్సు. సిలిండర్లలో చేరిన నీళ్ళు వదలడమట అది. తరవాత నాలుగు బరువు దెబ్బలు, ఆగి ఆగి. ఉన్నట్టుండి దడదడమని బల్లంతా అదిరేట్టు కొట్టారు. వంటింట్లోంచి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. చక్రాలు పట్టు తప్పి జారినప్పుడు అలా ఉంటుందట. వెంటనే రెగ్యులేటరు మూసి, పట్టాలమీద ఇసుక వదిలి, మళ్ళీ నెమ్మదిగా తెరవాలి. కాచిగూడలో బయలుదేరి ఫలక్‌నుమా, ఉందానగర్, షాద్‌నగర్ మీదుగా జడ్చర్ల దాకా ఆ బల్లమీదే వెళ్ళాం. రైలు పట్టాల అతుకుల టకటకలు వేళ్ళ కణుపులతో వేశారు. మీటరుగేజిలో అతుకుకూ అతుకుకూ నడుమ దూరం 12 మీటర్లు. 43 సెకన్లలో ఎన్ని టకటకలో గంటకు ఇంచుమించు అన్ని కిలోమీటర్లు. ఇప్పుడు పట్టాలను పొడుగునా అతికేస్తున్నారు గనుక ఈ కొలమానమూ చెల్లిపోయింది.

కూతల దగ్గర నా చదువు కాస్త అక్కరకొచ్చింది. పొట్టి కూత, పొడుగు కూత అని ఆయన చెబుతుంటే నేను లఘువు, గురువు అని రాసుకున్నాను. మూడు పొట్టి కూతలు వరసగా వేస్తే, బండి అదుపు తప్పింది, గార్డు బ్రేకు వేయాలి అని అర్థం. మూడు లఘువులంటే నగణం. నగణం ఇంత ప్రమాదకరమైనదని ఏ ఛందోగ్రంథమూ నాకు చెప్పలేదు.

నీలగిరి రికార్డులు రెండున్నర గంటలున్నాయి, మేలురకం. బల్లమీది ప్రయాణం నలభై నిమిషాలు, మధ్యలో కుక్కరు కూతలతో సహా. కాలేజీలో పిల్లలకు రెండూ వినిపిస్తే వాళ్ళు మళ్ళీ పెట్టమన్నది రెండోదాన్ని. ఒకమ్మాయి వాళ్ళ తాతగారు కూడా ఫైర్‌మన్‌గా చేశారట. ఆయన చెయ్యి వణుకుతుంది గాని మాట ఖంగుమంటుందని చెప్పి, మైకు అడిగి పట్టుకెళ్ళింది.

అది తిరిగి రాగానే పెదనాన్నగారింటికి వెళ్ళాలి. జారుడు తనకు సరిగా కుదరలేదట. వాన పడ్డ పట్టాలమీద అది మరోలా ఉంటుందని, ఆదివారం మళ్ళీ రమ్మన్నారు. బల్లమీది గుడ్డ కూడా తీసి పెట్టమని పెద్దమ్మకు చెప్పారట.