మనోలో మనోడేనా?

పాలకొల్లులో ఫుట్‌బాల్ మాటెత్తితే ముందు వినబడేది, "మన్దగ్గర అదెవరు ఆడతారండీ?" అన్న ప్రశ్న. నిజమే. కాస్త ఖాళీ జాగా ఉంటే వాలీబాల్ నెట్టు కడతారు, లేదంటే కబడ్డీకి గీతలు గీస్తారు. మిగిలిందంతా క్రికెట్‌ది. ఇంకా జాగా మిగిలితే అది ఏ చేపల చెరువో అయిపోతుంది. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఒక స్పెయిన్ కోచ్ మంచివాడా కాడా అని మూడేళ్ళుగా మా బావతో తగూ పడుతున్నానంటే మా వీధిలో నవ్వుతారు. నవ్వుతున్నారు కూడా.

ఆ కోచ్ పేరు మనోలో మార్కెజ్. మా బావ మొదట్నుంచీ "మనోడు" అనేవాడు. పేరు నోరు తిరగక కాదు, ఇష్టంతోనే. ఇప్పుడూ మనోడే అంటాడు గానీ, అనే తీరు మారిపోయింది.

ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది. పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో పుట్టిన జట్టు. అంటే ఇంకొకళ్ళ ఇల్లు ఖాళీ అయితే మనం దిగాం. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ పట్టలేదు. గచ్చిబౌలిలో మ్యాచ్‌లు జరిగే స్టేడియానికి జీఎంసీ బాలయోగి గారి పేరు. మా గోదావరి వాళ్ళకి ఆ పేరు వింటే స్టేడియం కంటే ముందు 2002 మార్చి 3 గుర్తొస్తుంది. ఆ పొద్దున భీమవరంలో హెలికాప్టర్ ఎక్కిన లోక్‌సభ స్పీకర్, కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయి చనిపోయారు. మొదటిసారి స్టేడియం గేటు దగ్గర ఆ పేరు చూసి బావ, "మనూరి మనిషి పేరుంది కదరా, మన జట్టే" అని తేల్చేశాడు. వశిష్ఠ దాటి అవతల కోనసీమ మనిషి మనూరివాడు ఎలా అయ్యాడని నేనడగలేదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు రాజమండ్రి నుంచి నర్సాపురం దాకా అంతా మనూరే.

మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లాడి రెండే గెలిచాం. అట్టడుగున మిగిలాం. రెండో ఏడాదికి ఆల్బర్ట్ రోకా అనే ఆయన కోచ్‌గా ఉండాల్సింది. ఆయనకి సాక్షాత్తూ బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు, బార్సిలోనా పిలిస్తే ఎవరు ఆగుతారు? ఆ ఖాళీలోకి 2020 ఆగస్టు చివర్లో మనోలో వచ్చాడు. ఆయనా బార్సిలోనా ఊరివాడే. స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పాల్మాస్‌కి కొన్నాళ్ళు కోచ్‌గా చేశాడు, అది ఎక్కువ రోజులు నిలవలేదు. అంటే మనకి ఆయన రెండో ఎంపిక, ఆయనకి మనం ఎన్నో ఎంపికో తెలీదు. కొన్ని మంచి సంబంధాలు ఇలాగే కుదురుతాయి.

అది కరోనా కాలం. లీగ్ మొత్తం గోవాలో, ఖాళీ స్టేడియాల్లో ఆడించారు. బావా నేనూ ఇద్దరం వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో పాలకొల్లు వచ్చేశాం. సాయంత్రం ఏడున్నరకి మా ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్ళం. సీరియల్ పోయిందని అమ్మ కాసేపు విసుక్కుని, తర్వాత తనూ కూర్చునేది. అమ్మకి ఆఫ్‌సైడు ఎప్పటికీ అర్థం కాలేదు గానీ, ఎవడు అలిసిపోయాడో ఎవడు భయపడుతున్నాడో చూడగానే చెప్పేసేది. ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్, లిస్టన్ కొలాసో, అప్పటిదాకా పెద్దగా పేరు లేని కుర్రాళ్ళు. విదేశీ ఆటగాళ్ళని నమ్ముకుని, మనవాళ్ళని పక్కకి నిలబెట్టడం మన లీగ్‌లో అలవాటు. మనోలో ఆ కుర్రాళ్ళనే ముందుకు తోశాడు. తప్పు చేసినా వచ్చే మ్యాచ్‌లో మళ్ళీ వాళ్ళే ఉండేవాళ్ళు. ఆ ఏడాది 29 పాయింట్లతో ఐదో స్థానం. చివరి మ్యాచ్ గోవాతో 0-0 అయ్యి, సెమీస్ కొద్దిలో పోయింది. ఆ గోవా పేరు మళ్ళీ వస్తుంది.

తర్వాతి ఏడాది ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో. గోవాకి కేరళ నుంచి జనం తరలివచ్చారు, స్టేడియంలో ఎటు చూసినా వాళ్ళే. 68వ నిమిషంలో రాహుల్ గోల్ కొట్టి వాళ్ళని ముందుకి తీసుకెళ్ళాడు. బావ లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. 88వ నిమిషంలో సాహిల్ టవోరా, మార్పుగా వచ్చిన కుర్రాడు, బాక్సు బయట నుంచి ఒక్క దెబ్బ కొట్టాడు. నా అరుపుకి బావ పరిగెత్తుకొచ్చేటప్పటికి రీప్లే వేస్తున్నారు. ఆ గోల్ లైవ్‌లో చూడలేదన్న దిగులు బావకి ఇప్పటికీ ఉంది. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, నర్జారీ చివరిది లోపలికి కొట్టాడు, 3-1. అమ్మ, "ఆ గోలీ అబ్బాయికి దిష్టి తీయాలి" అంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మనోలో మనకి మూడు సీజన్లు కోచ్. అందులో రెండు గోవాలోనే గడిచిపోయాయి. సొంత జనం ముందు గచ్చిబౌలిలో ఆయన జట్టు ఆడింది ఒక్క 2022-23లోనే. కప్పు గెలిచిన జట్టుని చూడ్డానికి జనం కొంచెం కొంచెంగా రావడం మొదలైంది. ఆ సీజన్‌లో 42 పాయింట్లు, ముంబయి తర్వాత రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0, కోల్‌కతాలో పెనాల్టీల్లో ఓడాం. కొద్ది వారాలకే మనోలో వెళ్ళిపోతున్నాడని తెలిసింది. జూన్‌లో ఎఫ్‌సీ గోవా ఆయన పేరు ప్రకటించింది. అంటే ఆయన్ని ఇంటికి తెచ్చుకుని సరిగ్గా ఒక ఏడాది అయ్యింది.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. 2023-24లో క్లబ్బు జీతాలివ్వలేకపోయింది, కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పడింది. విదేశీయులు వెళ్ళిపోయారు, పేరున్న మనవాళ్ళూ వెళ్ళిపోయారు. మిగిలిన పిల్లలు 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచారు. రెండేళ్ళ కిందట కప్పెత్తిన జట్టు. అదే ఏడాది మనోలో గోవాని మూడో స్థానంలో నిలబెట్టి సెమీస్‌కి తీసుకెళ్ళాడు.

మా వాట్సాప్ గ్రూపులో అప్పుడు మొదలైంది రగడ. పడవకి చిల్లు పడిందని తెలిసి దిగిపోయాడని ఒకడు. కాంట్రాక్టు పూర్తిచేసి దణ్ణం పెట్టి వెళ్ళినవాణ్ణి అనడానికేముందని ఇంకొకడు. వెళితే వెళ్ళాడు గానీ, ఆ గోవాకేనా అని మరొకడి బాధ. ఆయన స్పెయిన్ వెళ్ళిపోయి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదని నా అనుమానం. పుట్టింటికి పోతే ఎవరూ ఏమనరు, పక్కింట్లో కాపురం పెడితేనే మాటలు.

బావది మొదటి వర్గం. నాది రెండోది అనుకునేవాణ్ణి. పొట్టకూటికి కోచింగ్ చేసుకునే మనిషికి మనం "ద్రోహం" లాంటి మాట వాడితే, ఆ జీతాలు ఎగ్గొట్టినవాళ్ళకి వాడ్డానికి మాటేం మిగుల్తుంది? అసలు కోపం డబ్బు కట్టనివాళ్ళ మీద. కానీ వాళ్ళ మొహాలు మనకి తెలీవు. సైడ్‌లైన్ దగ్గర నిలబడి చేతులూపే మనిషి మొహం తెలుసు, కోపం అక్కడికెళ్ళి వాలింది. ఇదే ఒకసారి బావతో అన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు.

బావ అప్పుడు పనిచేసేది ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. 2023 మొదట్లో వాళ్ళ టీమ్‌ని చూసుకునే మేనేజరు వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. కేక్ కోశారు, ఫోటోలు దిగారు. వేసవి దాటాక జీతాలు ఆగాయి. మేనేజరుకి ముందే తెలుసా అంటే ఎవరూ చెప్పలేరు. బావ ఐదు నెలలు జీతం లేకుండా కూర్చున్నాడు, వచ్చే నెల ఇస్తారు, వచ్చే నెల ఇస్తారు అనుకుంటూ. మా అత్త గాజులు తాకట్టుకి వెళ్ళిన సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మనోలో మీద కోపం ఆ మేనేజరు మీద కోపమే అని నేను తీర్మానించబోవడం లేదు, అంటే బావ ఊరుకోడు కూడా. అయితే గ్రూపులో ఎవరైనా "ప్రొఫెషనల్ అన్నాక వెళ్తారు" అని రాసినప్పుడల్లా బావ ఎందుకంత మండిపడేవాడో నాకు అప్పట్నుంచి కొంచెం అర్థమవుతోంది.

వెళ్ళనివాళ్ళ కథా హైదరాబాద్‌లో ఉంది, సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. దేశానికి 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారాలూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చారు. 1963లో క్యాన్సర్‌తో పోయారు. 'మైదాన్' సినిమా వచ్చాక బావకి ఇదో ఆయుధం దొరికింది. "చూశావా, ఆయన వదిలేసి పోయాడా?" అని. కానీ ఆయన తయారుచేసిన ఆటగాళ్ళు వెళ్ళారు కదా! సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి, ఆ బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. ఆయన్ని హైదరాబాద్ తిట్టిందా? తిట్టలేదు. మర్చిపోయింది. రెండింట్లో ఏది నయమో నేను చెప్పలేను.

నిజానికి అభిమానం రెండుగా చీలడమంటే ఏంటో పాలకొల్లుకి ఎవరూ నేర్పక్కర్లేదు. 2009లో చిరంజీవి గారు ఇక్కడ పోటీచేసి ఓడిపోయారు. పక్కనే మొగల్తూరు ఆయనది. ఫస్ట్ షోకి ఈలలేసిన చేతులే ఓటు వేరే గుర్తుకి వేశాయి. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసినప్పుడు మా వీధిలో అన్నదమ్ములు మాట్లాడుకోడం మానేశారు. అయినా కొత్త సినిమా రిలీజైతే ఇద్దరూ హాల్లోనే తేలారు, వేర్వేరు వరసల్లో.

2024 జులైలో మనోలో భారత జట్టుకి కోచ్ అయ్యాడు, గోవా పని వదలకుండానే. మొదటి టోర్నీ ఎక్కడ పెట్టారంటే, గచ్చిబౌలిలో. సెప్టెంబరు 3న మారిషస్‌తో మ్యాచ్‌కి నేను టికెట్టు కొన్నాను. సరిగ్గా అప్పుడే బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, రైళ్ళు నిలిచిపోయాయి. మ్యాచ్ టీవీలోనే చూశాను, 0-0. వినాయక చవితి వెళ్ళాక నర్సాపురం ఎక్స్‌ప్రెస్ పట్టుకుని 9న సిరియాతో మ్యాచ్‌కి వెళ్ళాను. బావ రానన్నాడు. తర్వాత, "టికెట్టు వేస్టవుద్ది కదా" అంటూ వచ్చాడు.

మనోలో బయటికొచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మనం 0-3తో ఓడిపోయాం. మూడో గోల్ పడ్డాక వెనక వరసలో ఒక కుర్రాడు, చూస్తే కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు, మనోలోని పట్టుకుని ఒక బూతు అన్నాడు. బావ లేచి వెనక్కి తిరిగాడు.

"ఏరా తమ్ముడూ, ఆయన మాకు కప్పు తెచ్చినప్పుడు నువ్వున్నావా?"

"లేదన్నా."

"మరి నోర్ముయ్."

స్టేడియం నుంచి బయటికొచ్చేదాకా నేనేం మాట్లాడలేదు. మాట్లాడితే చెడిపోతుందనిపించింది. బండి తీస్తూ బావే అన్నాడు, "మనం తిట్టుకోవచ్చురా. ఆడెవడు?"

భారత జట్టుతో మనోలోకి కలిసిరాలేదు. ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒకటే, మాల్దీవుల మీద. 2025 జూన్‌లో హాంకాంగ్‌తో ఓడాక, జులైలో దిగిపోయాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడన్న విమర్శలో పస ఉందని నేనూ అనుకుంటాను. దేశం జట్టు పార్ట్‌టైమ్ పని కాదు. ఆ మే నెలలోనే గోవాకి సూపర్ కప్ గెలిపించాడు మరి.

ఇక మన క్లబ్బు చేతులు మారింది, ఇంకో సీజన్ ఈడ్చింది. 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా మార్చుకుని. పుణె వాళ్ళ ఇల్లు మనకి వచ్చినట్టే, మన ఇల్లు ఇంకొకళ్ళకి పోయింది. ఆ వార్త వచ్చిన రోజు బావ ఫోన్ చేశాడు. "ఇప్పుడు ఎవరి తరఫున అలగాలిరా?" అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను, నవ్వడం లేదు. పసుపు జెర్సీ ఏం చేశావంటే, ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టానన్నాడు.

మొన్న సంక్రాంతికి బావ వచ్చినప్పుడు ఈ మాటే మళ్ళీ నడుస్తోంది. పెనం మీద దిబ్బరొట్టి తిప్పుతూ అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఆ మనోడు ఇప్పుడెక్కడున్నాడ్రా?"

"గోవాలోనే అత్తా."

"జీతాలు సరిగ్గా ఇత్తన్నారంటనా?"

"ఇత్తన్నారంట."

"అయితే ఉండనీ."

బావ ఏమీ అనలేదు. రొట్టి అందుకున్నాడు.