చర్చి వాకిట క్రొత్తవారు

పరుల యింటికి మొదటిసారి పోవువాడు ముందుగా తన చెప్పులను గూర్చియే చింతించును. వాని నెచట విడువవలెను, తానెచట కూర్చుండవలెను, ఎవరేమి యడిగిన నేమి చెప్పవలెనని యాతని మనస్సు తొట్రుపడుచుండును. దైవమందిరము విషయమున ఈ తొట్రుపాటు మరింత యెక్కువ. మన దేశమున గుడివాకిలి వట్టి వాకిలి కాదు. తరతరములుగా కొందరిని లోనికి రమ్మనియు, కొందరిని వెలుపలనే నిలువుమనియు శాసించిన వాకిలి. కావున క్రొత్తచోట తనకెట్టి యాదరణము లభించునో యను శంక అల్పమైనది గాదు.

జగిత్యాలలోని మా యింటి మేడపై గత సంవత్సరము ఒక యువతి తన యిద్దరు బిడ్డలతో అద్దెకు చేరినది. ఆమె దళిత కుటుంబమున జన్మించినది. పుట్టినయిల్లు కోరుట్ల, తల్లి బీడీలు చుట్టి ఆమెను పెంచినది. మెట్టినయిల్లు సిరిసిల్ల, భర్త అచట మరమగ్గముల కార్ఖానాలో కొన్నాళ్లు పనిచేసి, కూలి చాలక గల్ఫునకు పోయెను. ఆ దేశమున తోడి తెలుగువారితో గూడి ఆంగ్లికను చర్చికి పోవుచు, అచటి సంగతులు ఫోనులో భార్యకు చెప్పుచుండెను. ఆమెకును పోవలెనను కోరిక పుట్టినది. "అక్కా, నేనొక్కదాన్నే పోవాలంటే జంకైతున్నది. మీరు గూడ రారాదు?" అని మా గృహిణి నడిగినది. మేము క్రైస్తవులము కాము. సంఘసంస్కారమును గూర్చి వ్యాసములు చదివినవారము, సభలలో చప్పట్లు కొట్టినవారము. అయినను మా పట్టణమందలి చర్చి గడపను నాటివరకు త్రొక్కియుండలేదు. ఆ సిగ్గుతోనే సరే యంటిమి.

ఆ చర్చి దక్షిణ ఇండియా సంఘమునకు చెందినది, జనులు సి.ఎస్.ఐ. యందురు. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలువారు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏకమై దానిని స్థాపించిరి. అంతవరకు బిషపులు లేనివారును ఆనాడు బిషపుల వ్యవస్థ నంగీకరించిరి. అమెరికాలో ఎపిస్కోపల్ సంఘమనగా బిషపులు గల సంఘమనియే యర్థము. అదియు, మన సి.ఎస్.ఐ.యు నేడు ఆంగ్లికను కూటమిలో తోబుట్టువులు. తెలుగునేలకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1912లో దోర్నకల్లు బిషపుగా అభిషిక్తులైన అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషపు. కరీంనగరు అధ్యక్షమండలము 1978లో ఏర్పడినది. స్త్రీవిద్యను కోరు మన చదువరులు మరియొక సంగతి తెలిసికొనదగును: 2013లో నంద్యాల అధ్యక్షమండలమునకు పుష్పలలితగారు బిషపైరి, సి.ఎస్.ఐ.లో ఆ పదవి నందిన మొదటి స్త్రీ యామెయే.

ఆదివారమున గంట మ్రోగుచుండగా పోయితిమి. చెప్పులు వెలుపల విడిచితిమి. పురుషులొకవైపు, స్త్రీలొకవైపు కూర్చుండిరి. స్త్రీలు కొంగు తలపై కప్పుకొనిరి. కులమేదని గాని, ఎందులకు వచ్చితిరని గాని యెవరును అడుగలేదు. ఒక పెద్దమనుష్యుడు కీర్తనల పుస్తకము మాచేతి కిచ్చి, పుట తీసి చూపెను. అందు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు కలవు. ఆయన 1803లో పుట్టి 1890లో గతించినవారు. రాగతాళములు మనవే యగుటచే మా చెవులకు పరాయితనము తోచలేదు. లేచుట, కూర్చుండుట, మోకరించుట యను వరుసలో మేము పలుమారు తప్పితిమి, ఎవరును నవ్వలేదు. ముందువానిని చూచి నడచుకొనిన చాలును. పాపపు టొప్పుకోలు, వాక్యపఠనము, ప్రసంగము, విశ్వాసప్రమాణము క్రమముగా జరిగినవి. కానుకల సంచి వచ్చినపుడు, క్రొత్తవారు వేయకున్నను దోషము లేదని ప్రక్కవారు మెల్లగా చెప్పిరి.

పిమ్మట సమాధానము పంచుకొను ఘట్టము వచ్చినది. ఈ సంఘపు సంస్కారక్రమమున ఇదియొక విశేషము. ఇచ్చువాడు తన కుడి యరచేతిని ఎదుటివాని కుడి యరచేతితో చేర్చును. ఇద్దరును ఎడమచేతితో ఒకరి కుడిచేతి నొకరు కప్పుదురు. అట్లు బలిపీఠము నుండి బయలుదేరి చేయి చేయి మారుచు, ఆ శాంతి కడవరుసదాక పోవును. మా ప్రక్క కూర్చున్నవాడు మా వీథి మురికికాలువ తీయు మనిషి. పండ్రెండేండ్లుగా చూచుచున్నవాడే. ఆయన చేతులు చాచెను. చదువరులారా, దాచి లాభమేమి? మా చేయి ఒక క్షణము కదలలేదు. ఆయన అది చూచెను. చూచియు చేతులు వెనుకకు తీసికొనలేదు. పిదప మా చేయి పోయి ఆయన చేతిని చేరినది. ఆరాధన ముగిసిన తరువాత ఆయన పేరడిగితిమి. పండ్రెండేండ్లలో అదియే మొదటిసారి.

రొట్టె, ద్రాక్షారసము బాప్తిస్మము పొందినవారికే. తక్కినవారు తమ చోటనే కూర్చుండవచ్చును, లేదా ముందునకు పోయి తలవంచి యాశీర్వాదము పొందవచ్చును. ఆ యువతి బిడ్డలతో పోయి తలవంచినది.

చేరదలచువారికి త్రోవ దీర్ఘమైనదే. కొంతకాలము వచ్చి పోవలెను; గురువుగారి యొద్ద ఉపదేశము పొందవలెను; పిదప బాప్తిస్మము. అటుపిమ్మట బిషపుగారు వచ్చి తలపై చేతులుంచి ప్రార్థింతురు, దానినే కన్ఫర్మేషనందురు. సంఘపు పుస్తకమున పేరెక్కినవాడు వేరొక యూరికి పోయినచో గురువుగారి యుత్తరము తీసికొనిపోయి అచట చేరవచ్చును.

ఆ పుస్తకమున పేరెక్కుటయందే అసలు చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకే, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించినది, క్రైస్తవులకు లేదు. తెలంగాణమున క్రైస్తవమున చేరిన షెడ్యూల్డు కులములవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా నెంచి ఒక్క శాతము కేటాయించిరి. షెడ్యూల్డు కులములకు పదునైదు శాతము కలదు. అందుచే బాప్తిస్మము పొందియు కాగితమున పాత మతమునే వ్రాయించుకొనువారు కలరు. ఆ యువతి గురువుగారిని సూటిగా నడిగినది: "అయ్యగారూ, నా బిడ్డల సర్టిఫికెట్టు ఏమైతది?"

ఆయన దాటవేయలేదు. చట్టమున్నది యున్నట్లు చెప్పి, "కాగితం మీద ఒకటి, మనసులో ఒకటి పెట్టుకోమని నేను చెప్పనమ్మా. మీ ఆయనతోటి మాట్లాడుకోండి. తొందర లేదు. అప్పటిదాక ఆదివారం వస్తూ ఉండండి, ఎవరూ ఏమీ అడగరు" అనిరి. ఒక తలను సంపాదించుకొను తొందరలో నిజము మ్రింగనందులకు మాకాయనపై గౌరవము కలిగినది.

ఆ సంఘమున కులము నశించినదని మేమనము. పెండ్లిసంబంధముల మాట వచ్చినపుడు అచటను పాత గీతలు తలయెత్తుచునే యుండును. అయినను వారమువారము ఒకరి చేయి నొకరు పట్టుకొను నియమము కలదు. ఆ నియమము మావంటివారి నోటి సంస్కారమును ఒక్క క్షణములో బయటపెట్టినది. మతము మార్చుకొన్నంతమాత్రాన ఊరిచూపు మారదని యెరిగియు, చట్టము మాత్రము మారినట్లే లెక్కించుట న్యాయమా యని మేమిపుడు తరచుగా నాలోచించుచున్నాము.

ఆ యువతి యింకను నిశ్చయించుకొనలేదు. భర్త సెలవుపై వచ్చిన పిదప ఇద్దరును కూర్చుండి తేల్చుకొందుమన్నది. పెద్దపిల్ల మాత్రము మూడు కీర్తనలు నేర్చి, మేడమెట్లపై పాడుచున్నది. మేము చేరువారము కాము. కాని మా వీథిలో ఒకరిని పేరుపెట్టి పిలుచుచున్నాము. ఉదయమున ఆయన వచ్చినపుడు మా గృహిణి మా లోటాలతోనే చాయ ఇచ్చుచున్నది. ఈ చిన్నపనికి పండ్రెండేండ్లు పట్టెనే యని విచారముగానే యున్నది.