గుమ్మంలో అప్పులవాడు

అప్పు ఒక్కటే వస్తే మనిషి ఎలాగో నెట్టుకొస్తాడు. చీటీ పాడతాడు, గొలుసు తాకట్టు పెడతాడు, బావమరిదిని బతిమాలతాడు. దాని వెనకే ఇంకో మాట కూడా ఇంట్లోకి వస్తే మాత్రం కష్టం. దేవుడికి మన మీద కోపం వచ్చిందేమోనన్న మాట. విశ్వాసుల ఇళ్లలో దీన్ని పైకి అనరు. రాత్రిళ్లు లైటు ఆర్పకుండా పడుకుంటారు. చేతబడులు నమ్మం అని సాక్ష్యం చెప్పినవాళ్లకే పొద్దున గడప దగ్గర నిమ్మకాయ చెక్క కనబడితే చెమటలు పడతాయి. కిస్తీ తప్పిన వారం గుడికి వెళ్లడానికి కాళ్లు రావు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఇలాంటి ఇంటికి మనం పట్టుకెళ్లే ఓదార్పులో సగం ఓదార్పు కాదు, విచారణ. దశమభాగం సరిగ్గా ఇస్తున్నారా? ఇంట్లో ఎవరైనా పాపం దాచారా? మీ తాతలు ఏం మొక్కుకున్నారో, ఆ శాపం ఇంకా తెగలేదేమో, మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండండి. యోబు స్నేహితులే నయం. వాళ్లు నోరు విప్పాక ఎంత తప్పు మాట్లాడినా, ముందు ఏడు రోజులు అతని పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. మనవాళ్లు చెప్పులు విప్పేలోపే కారణం చెప్పేస్తారు.

రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలోని విధవరాలి కథ మన సంఘాల్లో తెలియనివాళ్లుండరు. భర్త ప్రవక్తల శిష్యుడు, భక్తిపరుడు. అప్పు మిగిల్చి పోయాడు. అప్పులవాడు ఆమె కొడుకులిద్దర్నీ బానిసలుగా పట్టుకుపోవడానికి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ఎలీషా దగ్గర మొరపెట్టుకుంటూ భర్త భక్తి సంగతి ముందు ఎత్తింది. ఇంత భక్తిగా బతికినా మాకెందుకిలా అన్న ప్రశ్న అందులోనే ఉంది. ఎలీషా దాని జోలికి పోలేదు. మీ ఆయన అప్పెందుకు చేశాడనీ అడగలేదు. ఇంట్లో ఏముందో చెప్పమన్నాడు. కాస్త నూనె తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ గిన్నెలు అడిగి తెమ్మన్నాడు, ఒకటీ రెండూ కాదు, దొరికినన్ని.

ఈ కథ మీద ప్రసంగాలన్నీ నూనె పొంగి పారడం దగ్గరే తిరుగుతాయి. నాకు మాత్రం గిన్నెల కోసం వీధంతా తిరగడం దగ్గర మనసు ఆగుతుంది. ఇన్ని గిన్నెలెందుకే అని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. అప్పటిదాకా తలుపు వెనక దాచుకున్న అప్పు ఆ పూటతో ఊరందరిదీ అయ్యుంటుంది. ఇక నూనె నిండాక ప్రవక్త చెప్పింది ఏ లెక్కల మాస్టారైనా చెప్పేదే: అమ్ము, బాకీ కట్టు, మిగిలినదాంతో నువ్వూ పిల్లలూ బతకండి. అందులో పదోవంతు తనకు తెచ్చిమ్మని అడిగినట్టు నాకు ఎక్కడా కనబడలేదు.

మా సంఘంలో మిషను కుట్టే అక్క ఒకామె ఉంది. ఆమె ఇంట్లో శాపం ఉందని ఎవరో ప్రవచించి వెళ్లారు. రెండు నెలలు నిద్ర లేదు. చివరికి పాస్టరమ్మగారు వెళ్లారు, పెద్దావిడ. వందనాలు అయ్యాక సంచిలోంచి ఆవిడ తీసింది బైబిలు కాదు, మనవడి రూళ్ల నోటుబుక్కు. "ఎవరికెంత బాకీ? దాచకుండా చెప్పు తల్లీ" అన్నారు.

ఐదు పద్దులు తేలాయి. గ్రూపు లోను వారం కిస్తీ, కిరాణా కొట్టు ఖాతా, ముందే పాడేసుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు, ఫోన్‌లో యాప్ అప్పు, ఊళ్లో ఒకాయన దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000. అమ్మగారు ఆ చివరిదాని కింద గీత గీసి లెక్క వేశారు. నెలకు 2,500 వడ్డీ. ఏడాదికి 30,000. అంతా కట్టినా అసలు 50,000 కదలదు. అక్క ఎంత కుట్టినా ఇంట్లో రూపాయి నిలవకపోవడమే శాపానికి రుజువని ఆ ప్రవచించినవాళ్లు చెప్పివెళ్లారు. అమ్మగారు కళ్లజోడు తీసి, "ఇది దయ్యం కాదే, వడ్డీ" అన్నారు.

తర్వాతవి చిన్న పనులు. కమ్మలు బ్యాంకులో పెట్టి, రూపాయిలోపు వడ్డీకి తెచ్చి, ఐదు రూపాయలాయనకు కొంత అసలు కట్టించారు. యాప్ వాళ్లు చుట్టాలందరికీ మెసేజ్ పెడతామని బెదిరిస్తుంటే సైబర్ క్రైమ్ 1930 నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. వంటకు బియ్యం పోసే ముందు ఆడవాళ్లు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ ఆదివారం నేరుగా ఆ ఇంటికి వెళ్లాయి. ప్రార్థన కూడా జరిగింది, పొట్టిగానే.

అమ్మగారి పద్ధతి కొత్తదేం కాదు. 1876లో మొదలైన ధాత కరువులో ఒంగోలు ప్రాంతం డొక్కలెండి ఉన్నప్పుడు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకుల్ని పని మీద మేస్త్రీలుగా పెట్టి, వచ్చినవాళ్లకు కూలి ఇచ్చాడు. అంతకంటే నాకు నచ్చేది ఇంకొకటి. సాయం అందుతున్న ఆ పదిహేను నెలలూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట ఎవరికీ రాకూడదని. కరువు సాయం ముగిశాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య ఒంగోలు వైపు పిల్లలకు కూడా నోటికొచ్చు. ఆ ముందు పదిహేను నెలల సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఇవాళ కొన్ని వేదికల మీద దీనికి సరిగ్గా తలకిందులు నడుస్తోంది. అప్పుల్లో ఉన్నవాణ్ణే ఇంకో వెయ్యి విత్తన కానుక వెయ్యమంటారు, నూరంతలు వస్తాయని. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని అందుకు సాక్ష్యంగా పిలుస్తారు. మార్కు సువార్తలో ఆ కథకు సరిగ్గా ముందు యేసు విధవరాండ్ర ఇళ్లను మింగేసే శాస్త్రుల్ని తిట్టిన తిట్లు ఉన్నాయి. కానుకల ప్రసంగంలో ఆ నాలుగు మాటలూ ఎప్పుడూ చదవరు.

లెక్క తేలినంత మాత్రాన భయం పోతుందని నేననను. అది వేరే జాతి. "యాత్రికుని ప్రయాణము" రాసిన జాన్ బన్యన్‌ని చూడండి. గిన్నెలకు మాట్లు వేసుకునే బీదవాడు. కాపురం పెట్టేనాటికి ఇంట్లో పళ్లెం, చెంచా కూడా లేవని తనే రాసుకున్నాడు. దానికితోడు, ఏశావు జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నట్టు తాను క్రీస్తును అమ్ముకున్నానని, ఇక క్షమాపణ లేదని ఏళ్ల తరబడి కుమిలిపోయాడు. ఆ దిగులు ఒక్కరోజులో పోలేదు. వాక్యం మీద వాక్యం పట్టుకుని, మధ్యలో జారిపడుతూ బయటపడ్డాడు. తర్వాత అనుమతి లేకుండా బోధించాడని 1660లో బెడ్‌ఫర్డ్ జైల్లో వేస్తే, అక్కడ పన్నెండేళ్లలో ఎక్కువకాలం లేసు దారాలకు మొనలు బిగిస్తూ భార్యాపిల్లల్ని పోషించాడు. పెద్దకూతురికి చూపు లేదు. అంత విశ్వాసికీ ఆ పిల్ల తలపుకొస్తే గుండె చెరువయ్యేది. కాబట్టి రాత్రి రెండింటికి లేచి కూర్చునే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. క్షమాపణ లేదేమోనని ఏడ్చే మనిషి దేవుణ్ణి వదిలేసిన మనిషి కాదు, వదిలేసినవాడు హాయిగా నిద్రపోతాడు. ఇంకొకటి కూడా ఉంది, అది ఏలీయా దగ్గర నేర్చుకున్నది. చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్న ఆ ప్రవక్తకు దూత ముందు చేసిన పరిచర్య రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రసంగం ఏమీ లేదు. అప్పుల్లో ఉన్నవాళ్లు ముందు మానేసేది రాత్రి భోజనమే, దానికి ఉపవాసం అని పేరు పెట్టుకుంటారు.

మిషను కుట్టే మా అక్క సాక్ష్యం చెప్తానంటే పెద్దలు కాస్త నసిగారు. అంతా తీరాక చెప్తే దేవునికి మహిమ కదమ్మా అన్నారు. ఆమె వినలేదు. ఆదివారం లేచి నిలబడి, కిరాణా, యాప్ తీరాయని, ఇంకా మూడు ఉన్నాయని, రాత్రిళ్లు కొన్నిసార్లు ఇప్పటికీ భయమేస్తుందని, ప్రార్థన చెయ్యమని చెప్పింది. కూర్చోబోతూ, బడులు తెరిచేలోపు యూనిఫాంలు కుట్టించుకునేవాళ్లుంటే తనకు చెప్పమంది. ఆరాధన అయ్యాక ఇద్దరు వచ్చి ఆర్డరిచ్చారు. అందులో ఒకామె అక్కడే నిలబడి జతకు ఇరవై తగ్గించమని బేరం మొదలెట్టింది.